పక్కకి తిప్పిన బొమ్మ

పోయిన సెమిస్టర్ పరీక్షలప్పుడు ఓ రాత్రి నిద్ర పట్టక లాప్‌టాప్‌లో బొమ్మ వేశాను. నల్లటి బ్యాక్‌గ్రౌండ్, ఓ మూలకి నెట్టేసిన పసుపు వృత్తం, దాన్ని కోస్తూ ఎర్ర గీతలు. నా దృష్టిలో అది నేనే. రూమ్మేట్ చూసి ఇదేంట్రా అంటే ఏమీ లేదని ఫైల్ మూసేశాను. ముఖం లేని బొమ్మని నేనే అని ఎలా చెప్పను? ఆ ఇబ్బందిలోనే వసీలీ కాండిన్‌స్కీ గురించి చదవడం మొదలుపెట్టాను.

ఆయన 1866లో మాస్కోలో పుట్టారు. చదివింది న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం. 1896లో ప్రొఫెసర్ ఉద్యోగం చేతికొస్తే వద్దనుకుని, దాదాపు 30 ఏళ్ల వయసులో బొమ్మలు నేర్చుకోవడానికి జర్మనీలోని మ్యూనిక్ వెళ్లిపోయారు. అక్కడి అకాడమీలో మొదటిసారి సీటు కూడా రాలేదు!

ఓ సాయంత్రం తన స్టూడియోలోకి అడుగుపెట్టగానే, మసక వెలుతురులో అద్భుతమైన చిత్రం ఒకటి కనిపించిందట. అందులో ఏముందో తెలియలేదు, రంగులూ ఆకారాలూ తప్ప. దగ్గరికెళ్తే అది ఆయన వేసిందే, పక్కకి తిప్పి పెట్టి ఉంది. మర్నాడు పగటి వెలుగులో చూస్తే వస్తువులు గుర్తుపట్టగలిగారు గానీ ఆ అనుభూతి రాలేదు. తన చిత్రాలకి వస్తువులే అడ్డమని అప్పుడే అర్థమైంది. లోపలి అవసరమే కళకి మూలమని 1911లో పుస్తకం తెచ్చారు.

అబ్‌స్ట్రాక్ట్ అంటే తోచినట్టు రంగులు చల్లడమే అనుకునేవాణ్ణి. 1913 నాటి ‘కంపోజిషన్ 7’ కోసం ఆయన 30కి పైగా స్కెచ్‌లు, నమూనాలు వేసుకున్నారని తెలిశాక నోరు మూతపడింది. మనసులో ఉన్నది బయటికి రావడానికి అంత పని ఉంది మరి.

1922 నుంచి బౌహౌస్‌లో పాఠాలు చెప్పారు. నాజీల ఒత్తిడితో 1933లో ఆ స్కూల్ మూతపడ్డాక పారిస్ పక్కనున్న నొయీకి చేరారు. 1937లో నాజీలు ‘దిగజారిన కళ’ పేరుతో పెట్టిన ఎగ్జిబిషన్‌లో ఆయన చిత్రాల్నీ వెక్కిరింపు కోసం వేలాడదీశారు. అదీ ఎక్కడ? ఆయన బొమ్మలు నేర్చుకున్న మ్యూనిక్‌లోనే. అయినా 1944లో చనిపోయే ఏడాది దాకా వేస్తూనే ఉన్నారు.

నిన్న రాత్రి నా ఫైల్ మళ్లీ తెరిచి 90 డిగ్రీలు తిప్పి చూశాను. నాకేం అద్భుతం కనిపించలేదు. ఎర్ర గీతలు మాత్రం ఎక్కువైనట్టు అనిపించి రెండు తీసేశాను. ‘అన్‌టైటిల్డ్’ చెరిపేసి నా పేరు పెట్టాను. రూమ్మేట్ మళ్లీ అడిగితే ఈసారి ఫైల్ మూయను.