గాలిని తూచిన లెక్కల మనిషి

కారు నడవాలంటే పెట్రోలు కావాలని అందరికీ తెలుసు. ఆ పెట్రోలు మండడానికి ఎంత గాలి కావాలో మాత్రం చాలామంది ఆలోచించరు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 15 గ్రాముల గాలి ఉండాలి. ట్యాంకు నిండుగా ఉన్నా, సిలిండర్లలోకి తగినంత గాలి చేరకపోతే ఇంజిన్‌కు బలం రాదు. పిండి కొద్దీ రొట్టె అంటారు కదా, ఇంజిన్‌లోనూ అంతే, గాలి కొద్దీ బలం. ఈ సంగతిని లెక్కకట్టి చూపి, ఒక యుద్ధం తీరునే మార్చడంలో పాలుపంచుకున్నవారు సర్ స్టాన్లీ హుకర్.

హుకర్ 1907 సెప్టెంబరు 30న ఇంగ్లండులోని షీర్‌నెస్ అనే రేవు పట్టణంలో పుట్టారు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో స్కాలర్‌షిప్‌తో గణితం చదివారు. నీరు, గాలి వంటివి ఎలా ప్రవహిస్తాయో గణితంతో చెప్పే శాస్త్రం ఆయనకు బాగా నచ్చింది. ఆ దారిలోనే పరిశోధన చేసి 1935లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. తర్వాత బ్రిటిష్ నౌకాదళ శాఖలో శాస్త్రజ్ఞుడిగా పనిచేశారు.

1938 జనవరిలో డెర్బీ నగరంలోని రోల్స్ రాయిస్ కంపెనీలో చేరారు. అక్కడి పెద్ద అధికారి హైవ్స్ ఆయనకు ఒక గది ఇచ్చారు కానీ, ఫలానా పని చేయమని చెప్పలేదు. నచ్చిన విషయం చూసుకోమన్నారు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఏళ్ల తరబడి ఇంజిన్ల మధ్య పెరిగినవారు. హుకర్‌కు తెలిసింది లెక్కలు మాత్రమే. అలా తిరుగుతూ ఉండగా సూపర్‌ఛార్జర్ పరీక్షల నివేదికలు ఆయన కంటపడ్డాయి.

ఆ కాగితాల్లో ఆయన ఏం చూశారో అర్థం కావాలంటే మనం ముందు ఒక చిన్న లెక్క చేయాలి. ఒక కారు ఇంజిన్ పరిమాణం 1200 సీసీ, అంటే 1.2 లీటర్లు అనుకుందాం. సిలిండర్లన్నీ ఒక్కొక్కసారి గాలి పీల్చుకోవడానికి ఇంజిన్ రెండు చుట్లు తిరగాలి. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే 1500 సార్లు పీల్చినట్టు. 1500ను 1.2తో గుణిస్తే 1800 లీటర్లు. ఇది కాగితం మీది లెక్క. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, లోపలికి నిజంగా వెళ్లిన గాలిని కొలిస్తే 1440 లీటర్లే ఉందనుకోండి. 1800లో 1440 అంటే 80 శాతం. దీన్నే ఘనపరిమాణ దక్షత అంటారు.

మిగతా 20 శాతం ఎందుకు రాలేదు? ఆ వేగంలో ఒక సిలిండర్ గాలి పీల్చుకోవడానికి దొరికే సమయం సుమారు సెకనులో నూరో వంతు. ఆ కాస్త సమయంలోనే గాలి ఫిల్టరు దాటాలి, గొట్టం వంపులు తిరగాలి, ఇరుకైన వాల్వు గుండా దూరాలి. దారిలో వేడెక్కితే వ్యాకోచిస్తుంది. అప్పుడు అదే చోటులో తక్కువ బరువు గాలి పడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పెట్రోలుకు కావలసింది గాలి లీటర్లు కాదు, గాలి బరువు. లేహ్ సుమారు 3500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సముద్రమట్టం దగ్గరి కంటే దాదాపు 30 శాతం పలుచన. అందుకే అక్కడ చదివిన పిల్లలు ఎత్తు రోడ్ల మీద వాళ్ల కారు ఆయాసపడడం చూసే ఉంటారు.

విమానానికి ఈ కష్టం ఇంకా ఎక్కువ. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానంలోని మెర్లిన్ ఇంజిన్ పరిమాణం 27 లీటర్లు. పైలెక్క ప్రకారం 3000 చుట్ల వేగంలో అది నిమిషానికి 40,500 లీటర్లు పీల్చాలి. నేల దగ్గర ఆ గాలి బరువు దాదాపు 48 కిలోలు. 6.5 కిలోమీటర్ల ఎత్తులో అందులో సగమే. ఆ లోటు తీర్చేదే సూపర్‌ఛార్జర్. ఇంజిన్ బలంతోనే గిర్రున తిరిగే ఈ పంకా పలుచని గాలిని కుదించి సిలిండర్లలోకి తోస్తుంది.

హుకర్ ఆ పంకాలో గాలి ప్రయాణాన్ని అడుగడుగునా లెక్కించారు. పంకాకు ముందున్న వంపు గొట్టంలోనూ, రెక్కలు దాటాక ఉన్న దారిలోనూ ఎంతో శక్తి వృథా అవుతోందని తేల్చారు. ఆయన సూచనలతో గాలి దారిని మళ్లీ రూపొందించారు. అలా వచ్చిన మెర్లిన్ 45 ఇంజిన్ 1941లో స్పిట్‌ఫైర్ 5 రకానికి ప్రాణమైంది.

అదే ఏడాది జర్మనీవారి ఫోకెవుల్ఫ్ 190 ఆకాశంలోకి వచ్చింది. దాని ముందు స్పిట్‌ఫైర్ 5 వెనకబడింది, పైలట్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. హుకర్ బృందం ఒకటి కాదు, రెండు పంకాలను వరసగా అమర్చింది. కుదించిన గాలి వేడెక్కుతుంది కనుక, సిలిండర్లకు చేరేముందే దాన్ని చల్లబరిచే ఏర్పాటు చేసింది. అదే మెర్లిన్ 61. దానితో 1942లో స్పిట్‌ఫైర్ 9 శత్రువుకు దీటుగా నిలిచింది. యుద్ధం మొదట్లో సుమారు 1000 అశ్వశక్తి ఇచ్చిన ఇంజిన్ ఇప్పుడు 1500 దాటింది. మేలురకం పెట్రోలు కూడా ఇందుకు తోడ్పడింది. ఇంజిన్ పరిమాణం మాత్రం అదే 27 లీటర్లు.

ఆ తర్వాత హుకర్ జెట్ ఇంజిన్ల వైపు మళ్లారు. 1949లో రోల్స్ రాయిస్ వదిలి బ్రిస్టల్ కంపెనీకి వెళ్లి, మళ్లీ కొత్తవాడిగా మొదలుపెట్టారు. అక్కడ ఆయన నాయకత్వంలో తయారైన ఆర్ఫియస్ ఇంజిన్ మన దేశానికీ వచ్చింది. బెంగళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ దాన్ని లైసెన్సుతో తయారుచేసింది. 1965 యుద్ధంలో పేరు తెచ్చుకున్న మన నాట్ విమానాలు ఎగిరింది ఈ ఇంజిన్‌తోనే. 1961లో తొలిసారి ఎగిరిన మన మారుత్ విమానంలోనూ ఆర్ఫియస్ ఇంజిన్లే రెండు. మారుత్‌ను రూపొందించినవారు కుర్ట్ టాంక్, అంటే ఒకప్పుడు ఫోకెవుల్ఫ్ 190ని రూపొందించిన జర్మన్ ఇంజినీరే! ఒకప్పుడు ఎదురెదురు పక్షాల్లో ఉన్న ఇద్దరి పని బెంగళూరులో ఒకే విమానంలో కలిసింది.

1971లో రోల్స్ రాయిస్ దివాలా తీసింది. విశ్రాంతి తీసుకుంటున్న హుకర్‌ను మళ్లీ పిలిచారు. ఆయన వెళ్లి, ఇబ్బందుల్లో ఉన్న ఆర్‌బీ 211 ఇంజిన్‌ను దారిలో పెట్టడానికి సాయపడ్డారు. 1974లో సర్ బిరుదు అందుకున్నారు. 1984 మే 24న కన్నుమూశారు. ఇంజినీరుగా అంతంతమాత్రమే అని ధ్వనించే పేరును తన ఆత్మకథకు ఆయనే పెట్టుకున్నారు.

పిల్లలూ, కొత్త ఊరు, కొత్త బడి మీకు కొత్త కాదు. మొదటి రోజుల్లో ఎవరూ పలకరించక, ఏం చేయాలో తోచక కూర్చోవడమూ మీకు తెలుసు. డెర్బీలో హుకర్ కూడా అలాగే కూర్చున్నారు. అయితే తనకు వచ్చిన లెక్కలను వదులుకోలేదు, అందరూ అలవాటుపడిన దాన్ని కొత్త కళ్లతో చూశారు. మీరూ ఈ సెలవుల్లో ఇంట్లోని బండి ఎన్ని సీసీలో అడిగి తెలుసుకోండి. అది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి పీల్చాలో లెక్క వేయండి. గుణకారం వస్తే చాలు.