ఉదయపు మొదటి పని
(జార్జి ముల్లర్ జీవితము)

అనాథల తండ్రిగా పేరొందిన జార్జి ముల్లర్ బాల్యమునుండి భక్తుడు కాడు. ఆయన 1805 సెప్టెంబరు 27న ప్రష్యా దేశములో జన్మించెను. పన్నులు వసూలుచేయు ఉద్యోగియైన తన తండ్రి యొద్దనున్న ప్రభుత్వ ధనమును చిన్నతనముననే దొంగిలించెడివాడు. 16 ఏండ్ల ప్రాయమున సత్రములో బసచేసి, సొమ్ము చెల్లింపనందున చెరసాల పాలయ్యెను. హల్లె విశ్వవిద్యాలయములో దైవశాస్త్రము చదువుచుండియు బైబిలు తెరువని ఆ యువకుడు, 1825 నవంబరులో స్నేహితుని వెంట ఒక యింట జరుగు ప్రార్థన కూటమునకు వెళ్లెను. అక్కడ ఒక విశ్వాసి మోకరించి ప్రార్థించుట చూచెను. మనుష్యుడు దేవుని యెదుట ఆలాగు మోకాళ్లూనుట ఆయన అంతకుమునుపు ఎన్నడును చూచియుండలేదు. ఆ రాత్రి ఆయన జీవితము మార్పునొందెను.

ఇంగ్లాండు చేరిన తరువాత, 1830లో ఒక చిన్న సంఘమునకు కాపరియై, ఆ సంవత్సరమే మేరీ గ్రోవ్స్‌ను వివాహమాడెను. ఈమె అన్నగారగు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ 1836లో బౌడెన్, బీర్ దొరలను వెంటబెట్టుకొని ఇండియాకు వచ్చెను. గోదావరి ప్రాంతపు తెలుగు సంఘములు నేటికిని ఆ యిద్దరి సేవను స్మరించుచున్నవి. వివాహమైన కొలదికాలమునకే ముల్లర్ దంపతులు నిర్ణీతమైన జీతమును విడిచి, తమ అక్కరలను దేవునికి తప్ప మరెవరికిని తెలుపకూడదని తీర్మానించుకొనిరి.

1832లో ముల్లర్ బ్రిస్టల్ పట్టణమునకు వచ్చెను. అచ్చట ఆయన దర్శించిన విశ్వాసులలో ఒకడు దినమునకు 14, 16 గంటలు పాటుపడుచుండెను. శరీరము నలిగిపోయెను, ఆత్మ ఎండిపోయెను. పని కొంత తగ్గించుకొని దేవుని సన్నిధికి సమయమిమ్మని ముల్లర్ ఆలోచన చెప్పగా, ఇంత పాటుపడినను ఇల్లు గడచుట కష్టముగా నున్నదని అతడు బదులు చెప్పెను. దేవుని రాజ్యమును మొదట వెదకువారికి కావలసినవి అనుగ్రహింపబడునన్న ప్రభువు మాటను అతడు ఎరుగకపోలేదు. దానిమీద ఆనుకొనుటకు ధైర్యము చాలలేదు. ఇట్టివారికి కన్నులార చూడదగిన నిదర్శన మొకటి కావలెనని ముల్లర్ తలంచెను. ఒక బీద సేవకుడు, ఏ మనుష్యుని అడుగక, ప్రార్థన మాత్రముచేత అనాథ బిడ్డలను పోషింపగలిగినయెడల, దేవుడు నేటికిని నమ్మదగినవాడని అందరును గ్రహింతురు గదా! అనాథాశ్రమమును స్థాపించుటకు ఇదియే ఆయన ముఖ్యోద్దేశము.

ఇల్లు కొరకు ప్రార్థించెను. ధనము కొరకు, పరిచారకుల కొరకు ప్రార్థించెను. అన్నియు సమకూడెను. బిడ్డలను చేర్చుకొనుటకై దరఖాస్తులు స్వీకరింప నిర్ణయించిన దినము 1836 ఫిబ్రవరి 3. ఆ దినమున ఒక్కరును రాలేదు! అప్పుడు ఆయనకు తన లోపము తెలిసెను. బీద బిడ్డలు కోకొల్లలుగా నున్నారు గనుక వారు తమంతట తామే వత్తురనుకొని, వారి కొరకు ప్రార్థింపనే లేదు. ఆ సాయంకాలము సాగిలపడి దేవుని యెదుట తన్ను తాను తగ్గించుకొనెను. మరునాడే మొదటి దరఖాస్తు వచ్చెను. మనకు సుళువని తోచు సంగతులలోనే దేవుని మరచుట ఎక్కువ.

అంతకంటె లోతైన పాఠమును 1841లో నేర్చుకొనెను. అప్పటికి ఆయన చేతిక్రింద పలువురు బిడ్డలుండిరి. సంఘ పరిచర్యయు అధికముగా నుండెను. ఉదయము లేచినతోడనే ప్రార్థన కుపక్రమించుట ఆయన వాడుక. కాని తరచుగా అరగంట గడచువరకును మనస్సు పరిపరి విధముల పోవుచుండెను. దేవుని పని యెంత చేసినను, దేవునియందు తన ఆత్మ ఆనందింపనిచో ఆ పని సరిగా జరుగదని ఆయన గ్రహించెను. నాటినుండి ప్రతి ఉదయము మొదట వాక్యమును చదివి ధ్యానించుచు, ఆ ధ్యానమునుండియే ప్రార్థనలోనికి సాగుచుండెను. తన ఆత్మకు ఆహారము దొరికిన తరువాతనే ఇతరుల ఆకలిని గూర్చి ఆలోచించెను. ఎక్కువ పనివలన దేవునికి దూరమైన ఆ కార్మికునికి చెప్పిన బుద్ధి ఈలాగున తనకును అవసరమయ్యెను.

1870 నాటికి బ్రిస్టల్‌లోని యాష్లీ డౌనులో 5 పెద్ద గృహములు నిలిచెను. వాటిలో 2,000 మందికి పైగా బిడ్డలకు స్థలముండెను. ఆయన జీవితకాలములో 10,000 మందికి మించి అనాథలు పోషింపబడిరి. ఏ దినపు ఆహారము ఆ దినముననే వచ్చిన గడ్డుకాలములు కలవు. అప్పు చేయుట మాత్రము లేదు.

70వ యేట బయలుదేరి, 17 సంవత్సరములు 42 దేశములలో సువార్త ప్రకటించెను. 1890 జనవరిలో మన దేశమందలి జబల్‌పూరులో నుండగా, ఆయనకు మిగిలియున్న ఒకే ఒక్క బిడ్డ లిడియా బ్రిస్టల్‌లో మరణించెనని తంతివార్త అందెను. అనాథల సేవలో ఆయనకు కుడిచేయిగా నిలిచిన కుమార్తె ఆమె. 84 ఏండ్ల ఆ వృద్ధుడు దుఃఖములోను దేవుని మంచితనమును శంకింపలేదు. పరులకు దేవుడు నమ్మదగినవాడని చూపగోరినవాడు, తన యింటి శోకమునందు ఆ నమ్మకమును విడువలేదు.

ప్రియ చదువరీ, మనలో అనేకులము ఆ బ్రిస్టల్ కార్మికుని పోలియున్నాము. పొలము, కార్యాలయము, వంటయిల్లు, బిడ్డల చదువు, కడకు సంఘపు పనులును మన ఉదయమును మ్రింగివేయుచున్నవి. మిగిలిన సమయమును దేవునికిత్తుమనుకొందుము. సాయంకాలమునకు మిగులునది అలసటయే. రేపటి ఉదయపు మొదటి గడియను ఆయనకిచ్చి చూడుము.

1898 మార్చి 9 సాయంకాలము ముల్లర్ యథాప్రకారము ప్రార్థన కూటములో పాల్గొని, రాత్రి విశ్రమించెను. మరునాటి ఉదయము తన గదిలో ప్రభువు సన్నిధిని చేరెను. అప్పటికి ఆయనకు 92 ఏండ్లు. ఇన్నియేండ్లు ప్రతి ఉదయము మొదట ఎవరిని వెదకెనో, ఆ ఉదయము ఆయననే ముఖాముఖిగా చూచెను.