ఐస్‌క్రీమ్ డబ్బుతో దంత కళాశాల!

ఐస్‌క్రీమ్ అంటే పళ్ల డాక్టర్లకు పడదు. కానీ మన దేశంలో దంతవైద్య విద్యకు పునాది పడింది ఓ ఐస్‌క్రీమ్ దుకాణం రాబడితోనే! ఆ పని చేసిన వ్యక్తి డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. ఏటా డిసెంబరు 24న జాతీయ దంతవైద్యుల దినోత్సవం జరుపుకొనేది ఆయన పుట్టినరోజు అనే.

అహ్మద్ 1890లో తూర్పు బెంగాల్‌లో పుట్టారు. అలీగఢ్‌లో చదువుకుని అమెరికా వెళ్లారు. అయోవా విశ్వవిద్యాలయం నుంచి 1915లో దంతవైద్య పట్టా అందుకున్నారు. తర్వాత బోస్టన్‌లో పేద పిల్లల కోసం దాతలు కట్టించిన ఫోర్సిత్ దంత వైద్యశాలలో పనిచేశారు. కావాలనుకుంటే అక్కడే స్థిరపడొచ్చు. కానీ 1919లో తిరిగొచ్చేశారు.

అప్పట్లో ఇక్కడ పన్ను నొప్పికి చాలామందికి తెలిసిన వైద్యం ఒక్కటే... పీకించుకోవడం. శిక్షణ పొందిన వైద్యులు చాలా అరుదు. అందుకే ఆయన 1920లో కలకత్తాలో దంత కళాశాల ప్రారంభించారు. మరి డబ్బు? 'న్యూయార్క్ సోడా ఫౌంటెన్' పేరుతో ఐస్‌క్రీమ్, శీతల పానీయాల దుకాణం తెరిచి, దాని ఆదాయాన్ని కళాశాలకు మళ్లించారు. మొదట్లో చేరిన విద్యార్థులు కొద్దిమందే. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. 1925లో దంతవైద్య పత్రిక స్థాపించారు. 1928లో విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకం రాశారు. దంతవైద్యానికి చట్టం ఉండాలని పట్టుబట్టారు. 1939లో బెంగాల్‌లో, 1948లో దేశమంతటికీ ఆ చట్టం వచ్చింది.

మరుసటి ఏడాదే తాను పెంచిన కళాశాలను ప్రభుత్వానికి అప్పగించేశారు. ఆ తర్వాత పశ్చిమ బెంగాల్ మంత్రిగానూ సేవలందించారు. 1964లో పద్మభూషణ్ అందుకుని, మరుసటి ఏడాది కన్నుమూశారు. కోల్‌కతాలోని ఆ కళాశాల నేటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది.

ఇప్పుడు అందరి ఇళ్ల వైపు చూద్దాం. అహ్మద్ పనిచేసిన బోస్టన్ ఆసుపత్రి పిల్లలది. ఈ రోజుల్లో పిల్లల పళ్ల గురించి అమ్మానాన్నలే పట్టించుకుంటున్నారు. మరి తాతయ్య, నాన్నమ్మల సంగతి? జామకాయ మానేస్తారు. గారెలు వద్దంటారు. మెత్తటి పెరుగన్నంతో సరిపెట్టుకుంటారు. వయసొచ్చింది కదా, పళ్లు ఊడవా అనుకుంటారు. నిజానికి పళ్లు ఊడేది వయసు వల్ల కాదు... పిప్పి, చిగుళ్ల జబ్బుల వల్ల. మధుమేహం ఉంటే చిగుళ్లు త్వరగా దెబ్బతింటాయి. కొన్ని రకాల బీపీ మందులతో నోరు ఎండిపోయి, పిప్పి పెరుగుతుంది. నమలలేక తిండి తగ్గితే ఒంట్లో సత్తువా తగ్గుతుంది.

పెద్దలు ఆసుపత్రికి రాలేకపోతే వైద్యమే వాళ్ల దగ్గరికి వెళ్లాలి. దంత కళాశాలల్లోని సామాజిక దంతవైద్య విభాగాలు ఊళ్లలో, వృద్ధాశ్రమాల్లో శిబిరాలు పెట్టేది ఇందుకే. 2017లో నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద 60 ఏళ్లు దాటిన పేద వృద్ధులకు చేతికర్రలు, కళ్లద్దాలతో పాటు కట్టుడు పళ్లూ ఉచితంగా ఇస్తారు. అయితే శిబిరంలో పన్ను పీకించుకోవటంతోనే పని అయిపోదు. తర్వాత పళ్లు కట్టించాలి, అవి సరిగ్గా అమరాయో లేదో మళ్లీ చూపించాలి. ఆ రెండోసారి తీసుకెళ్లాల్సిన బాధ్యత ఇంట్లోవాళ్లదే.

ఇంట్లో పెద్దలుంటే...

* ఏడాదికోసారైనా దంతవైద్యుడికి చూపించండి. పళ్లు ఒక్కటీ లేకపోయినా సరే, చిగుళ్లు, నాలుక పరీక్ష చేయించాలి.
* కట్టుడు పళ్లు రాత్రి తీసి, శుభ్రంగా కడిగి, నీళ్లలో ఉంచాలి.
* పళ్ల సెట్టు వదులైతే, ఒరుసుకుంటే సర్దుకుపోవద్దు. సరిచేయించొచ్చు.
* నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోతే వెంటనే చూపించాలి. పొగాకు, గుట్కా అలవాటున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.
* ఈసారి గారెలు వద్దంటే, ఎందుకు వద్దంటున్నారో ఒక్కసారి అడగండి.