హైపర్‌గ్రూపుల మార్తీ

గ్రూపు అంటే బి.ఎస్సీ. మిత్రులకు చెప్పక్కర్లేదు. రెండు మూలకాల్ని గుణిస్తే ఒకే మూలకం రావాలి. ఒకటే ఎందుకు రావాలన్నవాడు ఫ్రెడెరిక్ మార్తీ.

1911లో ఫ్రాన్సులో పుట్టాడు. తండ్రి జోసెఫ్ కూడా గణితజ్ఞుడే. 1914లో యుద్ధానికి బలయ్యాడు. కొడుకు ఇరవయ్యేళ్లకే, 1931లో, నార్మల్ ఫామిలీల మీద నిరూపించిన సిద్ధాంతం ఎమ్మెస్సీ వాళ్లకు ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది.

1934లో స్టాక్‌హోమ్ మహాసభలో హైపర్‌గ్రూపును ప్రవేశపెట్టాడు. అందులో రెండు మూలకాల లబ్ధం ఒక సమితి. ఇదేమీ గాలిలో మేడ కాదు. నార్మల్ కాని సబ్‌గ్రూపు సహసమితుల్ని గుణించి చూడండి, కొన్ని కలిసి వస్తాయి. గణితం గిట్టనివాళ్లకు రక్తం లెక్క చెబుదాం: తల్లిది ఎ, తండ్రిది బి అయితే బిడ్డది ఎ, బి, ఎబి, ఓ ఏదైనా కావచ్చు. ఇద్దరిదీ ఓ అయితే మామూలుగా ఓ ఒక్కటే.

1940 జూన్ 14. జర్మన్ సేనలు పారిస్‌లో ప్రవేశించిన రోజు. అదే రోజు మార్తీ, ఫ్రెంచి రాయబార కార్యాలయం కొరియరుగా, టాలిన్‌లో హెల్సింకీ విమానం ‘కలేవా’ ఎక్కాడు. ఫిన్లాండుకూ రష్యాకూ మార్చిలోనే సంధి కుదిరింది. అయినా సోవియట్ బాంబర్లు ఆ ప్రయాణికుల విమానాన్ని సముద్రంలో కూల్చేశాయి. తొమ్మిదిమందిలో ఒక్కరూ మిగల్లేదు. మార్తీకి ముప్పై కూడా నిండలేదు.

జాదే ఫజ్జీ సమితులు 1965లో వచ్చాయి. 1971లో రోసెన్‌ఫెల్డ్ వాటిని గ్రూపుల్లోకి తెచ్చాడు. తర్వాతివాళ్లు హైపర్‌గ్రూపుల్లోకీ తీసుకెళ్లారు: లబ్ధంగా వచ్చిన సమితిలో ఏ మూలకం ఎంతవరకు ఉందో చెప్పడానికి 0 నుంచి 1 దాకా ఒక సంఖ్య. మార్తీ ఇదేదీ చూడలేదు.

కలేవా శకలాలు 2024లో ఎస్తోనియా కేరీ దీవి దగ్గర సముద్రం అడుగున దొరికాయి.