డాక్టర్ వెంకటస్వామి గారి జమాఖర్చులు

మన సభ్యుల్లో చాలామందికి ఈపాటికి శుక్లాల ఆపరేషన్ అయ్యే ఉంటుంది. బిల్లు కట్టి బయటికి వస్తూ, డాక్టరు డబ్బు పుచ్చుకోవడమే పాపమన్నట్టు మాట్లాడుకోవడం మనకు పరిపాటి. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి స్థాపించిన కీర్తిశేషులు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారి సంగతి తెలిస్తే ఆ మాట అంత తేలిగ్గా అనలేం.

వారు 1918లో తమిళనాడులోని వడమలాపురం అనే పల్లెలో పుట్టారు. మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో చదివి సైన్యంలో డాక్టరుగా చేరారు. ప్రసూతి వైద్యుడు కావాలని కోరిక. అంతలో కీళ్లవాతం మంచాన పడేసింది. చేతివేళ్లు వంకర్లు పోయాయి. ఆ వేళ్లతోనే కత్తి పట్టడం నేర్చుకుని కంటి వైద్యులై, జీవితకాలంలో లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. 1973లో పద్మశ్రీ వచ్చింది. 58వ ఏట, మనలాగే, ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యారు.

రిటైరైన 1976లోనే పదకొండు పడకలతో ఆసుపత్రి తెరిచారు. ఇల్లు తాకట్టు పెట్టారు. తోబుట్టువులు వచ్చి చేయి కలిపారు.

నేను ఉద్యోగమంతా పద్దులు రాసినవాణ్ణి. గ్రాంటు మీద నడిచే పనికి మార్చి నెలలో ఏం జరుగుతుందో మీకు వేరే చెప్పాలా! వెంకటస్వామి గారు గ్రాంటు కోసం కూర్చోలేదు. ఇవ్వగలిగినవారి దగ్గర న్యాయమైన ఫీజు తీసుకున్నారు. అందులో మిగిలినదానితో లేనివారికి ఉచితంగా చూపు తెప్పించారు. డబ్బిచ్చినవారికి మంచి గది దొరుకుతుంది, ఉచిత రోగికి చాప. డాక్టర్లు మాత్రం ఇద్దరికీ వారే, వంతులవారీగా రెండు వైపులా చేస్తారు. ఎటు వెళ్లాలో రోగే తేల్చుకోవచ్చు. తాలూకాఫీసు నుంచి ఆదాయం సర్టిఫికెట్ తెమ్మనరు. (ఆ సర్టిఫికెట్లు రాసి రాసి చేతులు నొప్పెట్టిన నాకు ఇది మహా నచ్చింది.)

మరి మిగులు ఎలా వచ్చింది? రేటు పెంచి కాదు, ఖర్చు తగ్గించి. డాక్టరు పక్కన రెండు బల్లలు వేస్తారు. ఒకదాని మీద ఆపరేషన్ ముగిసేసరికి రెండోదాని మీద రోగి సిద్ధంగా ఉంటాడు. పల్లెటూరి ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చి, కత్తి పట్టడం తప్ప మిగతా పని చాలావరకు వారికి అప్పగించారు. కంట్లో అమర్చే లెన్సు అప్పట్లో విదేశాల నుంచి రావాలి, పేదవాడికి అందని ధర. ఉచిత రోగికి ఆపరేషన్ తర్వాత సోడాబుడ్డి కళ్లద్దాలే గతి. 1992లో ఆరోల్యాబ్ పెట్టి ఆ లెన్సు ఇక్కడే, అందులో పదోవంతు ధరకే తయారు చేయించారు.

వారు పెళ్లి చేసుకోలేదు. ఆసుపత్రి నుంచి జీతం తీసుకోక పెన్షన్‌తోనే గడిపారు. దీన్నే అందరూ మెచ్చుకుంటారు. నాకు అంతకంటే గొప్పగా తోచేది మరొకటి. తన కింద పనిచేసే డాక్టర్లనూ నర్సులనూ జీతం లేకుండా త్యాగం చేయమనలేదు. వాళ్ల జీతాలూ, కొత్త భవనాలూ ఆ మిగులులోంచే వచ్చాయి. లాభం వచ్చిందని చెప్పుకోవడానికి వారు సిగ్గుపడలేదు. వచ్చే ఏటి ఉచిత రోగులకు అదే ఆధారం మరి.

2006 జూలై 7న వారు పరమపదించేనాటికి మదురైతో కలిపి అయిదు ఊళ్లలో ఆసుపత్రులు నడుస్తున్నాయి. 2019లో తిరుపతిలోనూ తెరిచారు. కొండకు వెళ్లే మన సభ్యులు కళ్లు చూపించుకోదలిస్తే అక్కడ ఒక పూట ఆగవచ్చు.