మూతి వంకరకు మూలం చూపిన చార్లెస్ బెల్

మన ఇళ్ళలో ఎవరికైనా ఉన్నట్టుండి మూతి ఒకపక్కకు లాగేస్తే లక్వా వచ్చిందంటారు పెద్దవాళ్ళు. అది అరబ్బీ వైద్యుల మాట. వెయ్యేళ్ళకు పూర్వమే రయ్ నగరంలోను, బాగ్దాదులోను ఆసుపత్రులకు పెద్దగా ఉండిన అబూబకర్ అల్ రాజీ తమ అల్ హావీ గ్రంథంలో ఈ జబ్బును వర్ణించారు. ఈనాటి డాక్టర్ల దగ్గరకు వెళితే బెల్స్ పాల్సీ అని చీటీ మీద రాస్తారు. ఆ బెల్ ఎవరో మనలో చాలామందికి తెలియదు.

చార్లెస్ బెల్ 1774లో స్కాట్లండులోని ఎడింబరోలో పుట్టారు. తండ్రి చర్చి పాస్టరు, కలిగిన కుటుంబం కాదు. కొడుకుకు ఐదేళ్ళన్నా నిండీ నిండకముందే ఆయన చనిపోగా, తల్లి దగ్గరుండి చదువు చెప్పింది, బొమ్మలు వేయడం కూడా నేర్పింది. ఆ బొమ్మల విద్యే తరువాత ఆయనకు కత్తితో సమానంగా పనికొచ్చింది. అన్న జాన్ బెల్ పేరున్న శస్త్రవైద్యుడు. తమ్ముడికి గురువు కూడా ఆయనే. ఆ ఊరి వైద్యుల మధ్య తగాదాలు ముదిరి అన్నదమ్ములిద్దరికీ అక్కడి పెద్దాసుపత్రిలో చోటు లేకుండా పోయింది. తమ్ముడు 1804లో లండను దారి పట్టారు.

అక్కడ ఆయన్ను పిలిచి ఉద్యోగమిచ్చినవారెవరూ లేరు. ప్రైవేటుగా పాఠాలు చెప్పుకుంటూ నెట్టుకొచ్చారు. 1806లో ఒక పుస్తకం అచ్చు వేయించారు. కోపం వస్తే, ఏడుపు వస్తే, నవ్వు వస్తే ముఖంలో ఏ కండ చిన్నదవుతుంది, ఏది సాగుతుంది అని చిత్రకారుల కోసం రాసిన పుస్తకం అది. వైద్యుడికి ఇదేం పని అనుకున్నవారుంటే ఉండవచ్చు. కాని ముఖం కదలికను అంత శ్రద్ధగా చూసిన కన్ను కనుకనే, కదలని ముఖం దగ్గరకు వచ్చేసరికి ఆ కన్ను ఊరుకోలేదు.

1809లో స్పెయిన్ యుద్ధం నుంచి ఓడల మీద తెచ్చిన గాయపడ్డ సైనికులకు వైద్యం చేశారు. 1815లో వాటర్లూ యుద్ధం ముగియగానే బ్రసెల్సు వెళ్ళి, దిక్కులేకుండా పడి ఉన్న ఫ్రెంచి సైనికులకు రోజుల తరబడి శస్త్రచికిత్సలు చేశారు. మత్తుమందు ఇంకా రాని కాలం. ఓడిపోయిన శత్రువులని ఆయన చూడలేదు. ఆ గాయాలను రంగుల్లో చిత్రించి కూడా పెట్టారు.

ఇక అసలు సంగతి. ముఖం మీద ఒకవైపున రెండు ముఖ్యమైన నరాలు పరుచుకుని ఉంటాయి. ఒకటి ఐదవ నరం, మరొకటి ఏడవది. ఏది ఏ పని చేస్తుందో అప్పటికి తేలలేదు. ముఖంలో భరించలేని పోట్లతో అల్లాడిపోయేవారికి కొందరు సర్జన్లు ఏడవ నరాన్ని కోసేసేవారు. పోటు తగ్గేది కాదు, పైగా మూతి వంకర పోయేది. బాధ తీర్చమని వచ్చినవాడికి రెండో బాధ అంటగట్టి పంపడమన్నమాట! దానికి ఎవరిని తప్పుపట్టాలో కూడా తెలియని రోజులు.

బెల్ గాడిద మీద పరీక్ష చేసి చూశారు. బతికున్న జంతువును కోయడం ఆయన మనసుకు గిట్టేది కాదు, తప్పక చేసిన పని. ఏడవ నరం తెగిన పక్క ముక్కుపుటం ఊపిరికి కదలడం మానేసింది. మనుషులలోనూ ఆనవాళ్ళు దొరికాయి. చెవి ముందు చీముగడ్డ వేసి ఆ నరం పాడైన ఒకతను నవ్వితే మూతి రెండోవైపుకు పోయేది. నశ్యం పీల్చి తుమ్మితే సగం ముఖం చిట్లించుకునేది, సగం ఏమీ ఎరగనట్టు ప్రశాంతంగా ఉండేది. ఇవన్నీ 1821లో రాయల్ సొసైటీ ముందుంచారు. ముఖాన్ని ఆడించేది ఏడవ నరమని అందరూ గ్రహించే దారి ఏర్పడింది.

అన్నీ సరిగ్గానే చెప్పారని మాత్రం అనలేం. ఐదవ నరం శాఖ కోసినప్పుడు గాడిద పెదవితో దాణా అందుకోకపోతే, ఆ నరమే పెదవిని తిండికి కదిలిస్తుందనుకున్నారు. దానికి పెదవి మీద స్పర్శ పోయిందని, దాణా తగిలినట్టే తెలియక ఊరుకుందని ఒకప్పటి శిష్యుడు హెర్బర్ట్ మేయో 1822లో సరిదిద్దారు. వెన్నునరాల మూలాల గురించి ఫ్రాన్సులో మజాండీ అదే సంవత్సరం స్పష్టంగా చెప్పినది తానే ముందు కనిపెట్టానని బెల్ పట్టుపట్టారు. తన పాత వ్యాసాలను 1824లో మళ్ళీ అచ్చు వేసినప్పుడు మాటలు కొంత మార్చారు కూడా. అంతటి మనిషికి అది అవసరమా అనిపిస్తుంది.

1831లో సర్ బిరుదు వచ్చింది. 1836లో పుట్టినూరికే శస్త్రవైద్య ఆచార్యుడుగా తిరిగివెళ్ళారు. 1842 ఏప్రిల్ 28న ఇంగ్లండులో ఊస్టర్ దగ్గర హాలో అనే పల్లెలో గుండెజబ్బుతో కన్నుమూశారు. ఆ పల్లె చర్చి ఆవరణలోనే సమాధి చేశారు.

తెగిన నరాన్ని అతికే ఉపాయం ఆయన చేతిలో లేదు. అది తరువాతివారి పని. 1895లో లండనులో చార్లెస్ బాలెన్స్ భుజానికి పోయే నరాన్ని తెచ్చి ముఖనరానికి కలిపారు. ఈ పద్ధతిలో భుజం ఎత్తితే ముఖం కూడా కదులుతుంది, అదో చిక్కు. ఆయనే 1930లలో అమెరికా డాక్టరు డ్యూయెల్‌తో కలిసి, చెవి ఎముకలోని సన్నని గొట్టంలో వేరే నరం ముక్కను అతికే విధానం చూపారు. ఈనాడు కత్తిపోటుతోనో ప్రమాదంలోనో ముఖనరం తెగిందంటే, వీలైతే మూడు రోజుల లోపే కొసలు వెతికి కుడతారు. ఆలోగా అయితే కరెంటు తాకించగానే కింది కొస ఇంకా కండను కదిలిస్తుంది కనుక దొరకడం సులువు. మధ్యలో ఖాళీ ఉంటే మెడ నుంచో పిక్క నుంచో నరం ముక్క తెచ్చి వేస్తారు. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కనుక నెలల తరబడి ఓపిక పట్టాలి. ఏళ్ళు గడిచి కండ ఎండిపోయాక నరం అతికినా లాభముండదు; అప్పుడు తొడనుంచి కండ తెచ్చి పెట్టవలసి వస్తుంది.

దెబ్బ లేకుండా వచ్చే బెల్స్ పాల్సీ సంగతి వేరు. పదిమందిలో ఏడుగురికి అది దానంతటదే పూర్తిగా నయమవుతుంది. మూడు రోజుల లోపల స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే ఇంకా మేలు. కాని మూతి వంకరతో పాటు చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా అది మెదడు జబ్బు కావచ్చు, ఒక్క గంట కూడా ఆగకూడదు.

రెంటిలోనూ ముందు కాపాడుకోవలసింది కన్ను. మూయబోతే రెప్ప పడదు, నల్లగుడ్డు మాత్రం పైకి తిరిగిపోతుంది. దీన్ని గమనించి రాసింది కూడా బెల్ గారే. పగలు చుక్కల మందు, రాత్రి ఆయింట్‌మెంటు వేసి రెప్ప మూసి టేపు అంటించమని డాక్టర్లు చెబుతారు. అద్దం ముందు మూతినే చూసుకుంటూ కూర్చుని ఈ ఒక్క పని మరిచిపోతారు చాలామంది.