చదరంగ వీరుడు సుల్తాన్ ఖాన్

ఆదివారం భోజనాలు కాగానే మన హాస్టల్ వరండాలో చదరంగం బల్ల పరుస్తాం. ఆడేది ఇద్దరు, ఎత్తులు చెప్పేది పదిమంది. బంటు మొదట రెండు గళ్ళు వెళ్ళాలా, ఒక్కటేనా అని రాజోలు వాళ్ళకీ కొత్తపేట వాళ్ళకీ ఎప్పుడూ తగాదాయే. ఒక్క గడి ఆటే నేర్చుకుని ప్రపంచ మేటి ఆటగాళ్ళను ఎదిరించిన ఒక మహానుభావుని గురించి ఈ వార్షికోత్సవ సంచికలో మిత్రులకు చెప్పదలచాం.

ఆయనే మీర్ సుల్తాన్ ఖాన్. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబు పల్లె మిఠా తివానాలో పుట్టారు. చిన్నతనంలో తండ్రి దగ్గర దేశవాళీ చదరంగం నేర్చుకున్నారు. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. సర్ ఉమర్ హయాత్ ఖాన్ అనే పెద్ద భూస్వామి ఆయన ప్రతిభ చూసి చేరదీసి, పాశ్చాత్య పద్ధతి నేర్పించారు. 1928లో అఖిల భారత పోటీ గెలిచి, 1929లో ఆ దొర వెంట లండన్ చేరారు.

అక్కడ ఆడిన మొదటి పోటీలోనే చివరి స్థానం పంచుకోవలసి వచ్చింది. ఆట పుస్తకాలు చదివినవారు కారు. ఇంగ్లీషు అంతంత మాత్రం. చలి పడక జ్వరాలు, గొంతు నొప్పి. అయినా కుంగిపోలేదు. తనకన్నా ముందు నిలిచిన వింటర్, యేట్స్‌లతోనే కూర్చుని సాధన చేశారు. అదే ఏడాది బ్రిటిష్ ఛాంపియన్ అయ్యారు! 1932, 1933లలో కూడా ఆ పోటీ ఆయనదే. అదే దొర ఇంటి నుంచి వెళ్ళిన ఫాతిమా అనే యువతి 1933లో మహిళల విభాగంలో గెలిచింది.

అన్నిటికన్నా పెద్ద గెలుపు 1930-31 హేస్టింగ్స్ పోటీలో వచ్చింది. ఎదురుగా క్యూబా దేశపు కాపాబ్లాంకా. 1916 నుంచి 1924 వరకు ఒక్క ఆటా ఓడనివాడు, 1921 నుంచి 1927 వరకు ప్రపంచ ఛాంపియన్. సుల్తాన్ ఖాన్ తొందరపడలేదు. ఎత్తు ఎత్తుకీ పట్టు బిగించి, 65 ఎత్తుల్లో ఆయనను ఓడించారు. చదరంగ లోకం ముక్కున వేలేసుకుంది.

1933 చివర దొర స్వదేశానికి తిరిగి వచ్చారు. ఆయనతోపాటు సుల్తాన్ ఖానూ వచ్చేశారు. అంతర్జాతీయ పోటీలు అంతటితో సరి. ఊళ్ళో సామాన్య జీవితం గడిపి 1966లో కన్నుమూశారు. ప్రపంచ చదరంగ సమాఖ్య గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో, అంటే ఆయన పోయిన 58 ఏళ్ళకు.

ఈ కథ చదివి మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆయన ఆట ఆయన సొంతం, ఆడే అవకాశం మాత్రం ఇంకొకరి చేతిలో ఉండిపోయింది. మన హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్పు ఏ దొర దయా కావు, అవి మన హక్కు. మొదటి పరీక్షలో చివర నిలిచినా ఫరవాలేదు, ముందున్న వాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకుందాం. ఆట మధ్యలో మాత్రం లేవవద్దు, మిత్రులారా!